టర్కీ ట్రాట్‌లో నేను చేసిన తప్పు: గ్రూప్‌తో రన్‌కి వెళ్ళేముందు ఇది వినండి

 

ఈ మధ్య చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మా ఫ్రెండ్స్ అందరం కలిసి పండగ రోజు 5కె రన్‌కి పేరు ఇచ్చాం, ఏం ప్రిపేర్ అవ్వాలి?" అని. షూస్ గురించి చెప్తాను, తిండి గురించి చెప్తాను. కానీ ముందు నేను చేసిన ఒక తప్పు చెప్తాను. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలి.

నేనుండేది అమెరికాలో, డాలస్ పక్కన ఒక ఊళ్ళో. ఇక్కడ నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని టర్కీ కోడి తినే పండగ. ఆ తినేముందు పొద్దున్నే ఊరంతా రోడ్డెక్కి పరిగెడతారు. దాన్నే టర్కీ ట్రాట్ అంటారు. ట్రాట్ అంటే మెల్లగా పరిగెత్తడం. పిల్లలు, తాతలు, స్ట్రోలర్లు, కుక్కలు, తల మీద కోడి బొమ్మ టోపీలు... ఒక జాతర అనుకోండి.

ఇది ఈరోజుది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో అనే ఊళ్ళో 1896లో మొదలైంది. బోస్టన్ మారథాన్ కంటే ముందే! మొదటిసారి పరిగెత్తింది ఆరుగురే. పూర్తి చేసింది నలుగురు. ఒకాయనకి ఆలస్యంగా తిన్న టిఫిన్ కడుపులో నిలవలేదట. కాబట్టి రేస్ పొద్దున పెసరట్టు ఉప్మా వద్దు అని నేను చెప్తే నవ్వకండి, దానికి నూట ఇరవై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది.

సరే, విషయానికొస్తా.

మాదొక చిన్న రన్నింగ్ గ్రూప్. పన్నెండు మందిమి, అందరం తెలుగువాళ్ళమే. శనివారం పొద్దున్నే పార్క్‌లో కలుస్తాం. పరిగెత్తేవాళ్ళు పరిగెడతారు, నడిచేవాళ్ళు నడుస్తారు, తర్వాత ఫ్లాస్క్‌లో టీ. మా గ్రూప్‌లో ఒక అక్క ఉంది, నర్సు. ఆ ఏడాది వాళ్ళమ్మగారు గుంటూరు నుంచి విజిట్ మీద వచ్చారు. ఆరు నెలలు. మేమంతా ఆంటీ అని పిలిచేవాళ్ళం.

మీలో కొంతమంది అమ్మానాన్నలు ఇలా వచ్చే ఉంటారు, మీకు తెలుసు. ఇక్కడ మా ఏరియాల్లో కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా రాదు. కూతురు డ్యూటీకి, అల్లుడు ఆఫీస్‌కి, మనవడు స్కూల్‌కి. పెద్దావిడ ఒక్కతే ఇంట్లో, కిటికీ దగ్గర. మాట్లాడదామంటే గుంటూరులో అర్ధరాత్రి. అలాంటావిడకి మా శనివారం వాకింగ్ దొరికింది. మొదటి వారం పార్క్ ఒక రౌండ్. రెండు నెలలకి మూడు మైళ్ళు ఆగకుండా నడిచేశారు.

టర్కీ ట్రాట్‌కి ఆంటీ కూడా వస్తానన్నారు. 5కె అంటే 3.1 మైళ్ళే కదా. కానీ ఆ రోజు అక్కకి హాస్పిటల్లో డ్యూటీ పడింది. "తమ్ముడూ, అమ్మకి తోడుండవా?" అని నన్ను అడిగింది. "అక్కా, నేనున్నాగా" అన్నాను. గుర్తుపెట్టుకోండి ఈ మాట. నేనున్నాగా.

పొద్దున బాగా చలి. ఆంటీ చుడీదార్ మీద స్వెటర్, చెవులకి మఫ్లర్, కొత్త షూస్. ఛాతీ మీద బిబ్ నంబర్ పెట్టుకుని ఫోటో తీయించుకున్నారు. డ్రెస్‌కి జేబు లేదని ఫోన్ నాకిచ్చారు. నా నడుముకున్న బెల్ట్ పర్సులో పెట్టా. "నీళ్ళ టేబుల్ వచ్చినచోటల్లా ఆగుదాం ఆంటీ, తొందరేం లేదు" అన్నా.

ఎనిమిదిన్నరకి హారన్ కొట్టారు. ఏమైందో చెప్తా. చుట్టూ వేల మంది, మ్యూజిక్, అరుపులు. పక్కనుంచి మా గ్రూప్ కుర్రాళ్ళు దూసుకుపోతూ "అన్నా, ఈసారి ముప్పై లోపు కొడదామా?" అన్నారు. నేను అప్పటిదాకా 5కె ఎప్పుడూ ముప్పై నిమిషాల లోపు చేయలేదు. కాళ్ళు వాటంతట అవే కదిలాయి. వెనక్కి తిరిగి చూస్తే జనంలో ఆంటీ కనపడలేదు. "రూట్ ఒకటే కదా, అందరూ నడుస్తున్నారు కదా, ఫినిష్ దగ్గర కలుస్తాలే" అనుకున్నా. నిజం చెప్తున్నా, ఆ మాట అనుకోవడానికి నాకు రెండు సెకన్లు కూడా పట్టలేదు.

29 నిమిషాల 40 సెకన్లు. మెడల్, అరటిపండు, గ్రూప్ ఫోటో, అన్నీ అయ్యాయి. ఆంటీ నడక లెక్కన గంటలోపు వచ్చేయాలి. గంట అయింది. రాలేదు. ఇంకో పది నిమిషాలు. స్ట్రోలర్ల వాళ్ళు వచ్చారు, కర్ర పట్టుకుని ఒక తాతగారు వచ్చారు. ఆంటీ లేరు. ఫోన్ చేద్దామని నా ఫోన్ తీశా. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ ఫోన్ నా నడుముకే ఉందని.

సరిగ్గా అదే టైమ్‌కి ఆ ఫోన్ మోగింది. కూతురు. "అమ్మ ఎలా నడిచింది తమ్ముడూ?" అని. నేనేం చెప్పానో తెలుసా? "వస్తున్నారక్కా, దగ్గర్లోనే ఉన్నారు." అబద్ధం. ఎక్కడున్నారో నాకు తెలీదు.

వెనక్కి పరిగెత్తా. వచ్చిన రూట్‌లోనే, ఎదురు. ఆ పరుగుకి టైమ్ చూసుకోలేదు. కోన్లు తీసేస్తున్నారు, రోడ్డు మీదకి కార్లు వదిలేస్తున్నారు. మొదటి మైలు దగ్గర, నీళ్ళ టేబుల్ పక్కన, ఆంటీ. వాలంటీర్లతో కలిసి కింద పడిన పేపర్ కప్పులు ఏరి సంచిలో వేస్తున్నారు.

నన్ను చూడగానే, "వచ్చావా బాబూ! నువ్వు వెనకబడ్డావనుకున్నా. నీళ్ళ దగ్గర ఆగుదామన్నావుగా" అన్నారు.

వాళ్ళు ఎంతమంది వచ్చి నడవమని చెప్పినా, కారులో దింపుతామన్నా ఆంటీ కదల్లేదట. వచ్చిన నాలుగు ఇంగ్లీష్ ముక్కల్లో "మై బాయ్ కమింగ్" అని చెప్తూనే ఉన్నారట. దాదాపు గంట.

నాకు నోట మాట రాలేదు. ముందే వెళ్ళిపోయానని చెప్పా. ఆవిడ నా మెడలో మెడల్ చూశారు. ఏమీ అనలేదు. "పద, మిగతాది నడుద్దాం" అన్నారు. రెండు మైళ్ళు ఫుట్‌పాత్ మీద నడిచాం. వెళ్ళేసరికి గాలి ఆర్చ్ దింపేశారు. చిప్ చదివే మ్యాట్లు చుట్టేశారు. నా మెడల్ తీసి ఇవ్వబోతే, "నీది నాకెందుకు బాబూ, ఆ అరటిపండివ్వు చాలు" అన్నారు. ఆ రోజు రిజల్ట్స్‌లో నా పేరు పక్కన 29:40 ఉంది. ఆవిడ పేరు పక్కన ఫినిష్ టైమ్ లేదు. జనవరిలో ఆంటీ ఇండియా వెళ్ళిపోయారు. ఇంకో ట్రాట్ కుదరలేదు.

సాయంత్రం అక్కకి నిజం చెప్పా. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. న్యాయమే.

ముప్పై లోపు పరిగెత్తాలనుకోవడం తప్పు కాదండి. ఆ రోజు నాకు కావాలనుకుంటే ముందే చెప్పి, తోడుగా ఇంకొకరిని పెట్టాల్సింది. మాట ఇచ్చి, హారన్ మోగగానే మార్చుకోవడం తప్పు. అప్పటినుంచి మా గ్రూప్‌లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీరూ రాసుకోండి.

ఒకటి. ముందు రోజు రాత్రే ప్రతి ఒక్కరూ చెప్పాలి, నేను రేపు టైమ్ కోసమా, తోడు కోసమా అని. తోడు అన్నవాళ్ళు టైమ్ గురించి మర్చిపోవాల్సిందే.

రెండు. ఎవరి ఫోన్ వాళ్ళ దగ్గరే. బిబ్ వెనక ఇంటివాళ్ళ నంబర్ పెన్నుతో రాయాలి.

మూడు. కలిసే చోటు "ఫినిష్ దగ్గర" అని చెప్పకండి, అక్కడ జనమే జనం. ఫలానా చెట్టు, ఫలానా గేటు అని చూపించండి.

నాలుగు. రోడ్డు ఎన్నింటికి తెరుస్తారో, ఫినిష్ ఎన్నింటికి మూస్తారో ముందే కనుక్కోండి. మీలో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళకి ఆ టైమ్ సరిపోతుందా చూడండి.

ఐదు. కొత్తవాళ్ళయితే స్టార్ట్‌లో వెనక నిలబడండి. చిప్ టైమింగ్ ఉంటే మీ టైమ్ మీరు మ్యాట్ దాటినప్పుడే మొదలవుతుంది, నష్టమేమీ లేదు.

ఇక పరుగు. మొదటి మైలు పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత మెల్లగా వెళ్ళండి. ఆయాసంతో మాట తెగిపోతుంటే స్పీడ్ ఎక్కువైనట్టే. మధ్యలో నడిస్తే పరువు పోతుందనుకోకండి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాల్లోవేనే కొత్తవాళ్ళకి కాసేపు పరుగు, కాసేపు నడక పద్ధతి నేర్పించారు. రేస్ రోజు కొత్త షూస్ వద్దు, కొత్త తిండి వద్దు. చలిలో మొదట కొంచెం వణుకు వచ్చేలా తక్కువ బట్టలే వేసుకోండి, పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది. నడిచేవాళ్ళకి మాత్రం స్వెటర్ ఉండాలి.

మీది జనవరి 26 రన్ కావచ్చు, ట్యాంక్‌బండ్ మీద కావచ్చు, వైజాగ్ బీచ్ రోడ్డులో కావచ్చు. ఇవన్నీ అక్కడా అంతే.

ఆంటీతో ఇప్పుడూ మాట్లాడుతుంటా. గుంటూరులో పొద్దున్నే ఇంకో నలుగురితో కలిసి నడుస్తున్నారు. మొన్న ఫోన్‌లో అడిగారు, "ఈ ఏడాది కూడా పరిగెడుతున్నావా బాబూ?" అని. ఈసారి తోడు డ్యూటీ నాదే ఆంటీ అన్నా. "అయితే నీళ్ళ దగ్గర ఆగు" అన్నారు.

ఆగుతాను.

మీరూ జాగ్రత్తగా పరిగెత్తండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.