వినబడిన ఊరేగింపు

ఊరేగింపులో నడచుట వేఱు, నడపించుట వేఱు. మొదటిది మేము పలుమారులు చేసితిమి. రెండవదానికి ఒక్కమారు పూనుకొని భంగపడితిమి. ఆ కథ ముందు చెప్పి, పిదప 1963వ సంవత్సరమున అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరమున జరిగిన మహాప్రదర్శనమును గూర్చి ముచ్చటింతుము. ఈ రెంటికిని సంబంధమేమని శ్రోతలు శంకింపవచ్చును. సంబంధము మైకు.

మా పట్టణపు చెరువును కొంచెము కొంచెముగా పూడ్చి ఇండ్లస్థలములుగా అమ్ముచుండిరి. దానిని కాపాడవలెనని కొన్నియేండ్ల క్రిందట మేము కొందఱము కలసి ఊరేగింపు తలపెట్టితిమి. బస్సుస్టాండు నుండి చెరువుకట్ట వఱకు నడక. కట్టక్రింది మైదానమున సాయంకాలము పాటల సభ. నడక నిమ్మళముగనే జరిగినది. ముందు డప్పులవారు, వెనుక బడిపిల్లలు, నడుమ మేము. సభలో మొదటి పాట సగమైనదో లేదో, మైకు మూగపోయినది. గాయకులు పాడుచునే యుండిరి. వెనుకనున్నవారికి మాత్రము ఏమియు వినబడలేదు. వేదికమీద చేతులూపుట కనబడుచుండెను. పాటగానిని పోలీసులు పట్టుకొనిపోయిరని ఎవరో అనిరి. అంతే. వెనుకవారు ముందునకు త్రోసిరి, ముందువారు వెనుకకు మళ్ళిరి. ఆ సందడిలో ఒక ముదుసలి క్రిందపడగా ముంజేయి విఱిగినది. మఱునాటి పత్రికలో తోపులాట వచ్చినది. చెరువు మాట రాలేదు.

తప్పు మాది. కరపత్రములకును పూలదండలకును ధారాళముగ ఖర్చుపెట్టి, మైకు అద్దె దగ్గఱ బేరమాడితిమి.

బేయర్డ్ రస్టిను అను నాతని పనితీరును మేము శ్రద్ధగా చదివినది ఆ పిదపనే. ఈతడు 1948లో మన దేశమునకు వచ్చి, గాంధీజీ అనుచరుల కడ సత్యాగ్రహ పద్ధతులు తెలిసికొనిపోయిన నల్లజాతి అమెరికను. మంచి గాయకుడు కూడ. 1940 ప్రాంతమున జాష్ వైటు అను ప్రసిద్ధ గాయకుని బృందముతో పాడి రికార్డులిచ్చినవాడు. ఉద్యోగములు, పౌరహక్కులు కోరుచు 1963 ఆగస్టు 28వ తేదీ, బుధవారమునాడు వాషింగ్టనులో జరిగిన ప్రదర్శనమునకు పేరునకు అధ్యక్షుడు వృద్ధ కార్మికనాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫు గారు. ఏర్పాట్ల బరువంతయు రస్టినుది. ఆతని వ్యక్తిగత జీవితమును, పూర్వపు కమ్యూనిస్టు సంబంధమును ఎత్తి ఒక సెనేటరు నిండుసభలో దూషించెను. అయినను రాండాల్ఫు గారు ఆతనిని విడువలేదు.

ఆనాడు కూడినవారు సుమారు 2,50,000 మంది. నగరము ముందుగనే జడిసినది. మద్యపు దుకాణములు మూయించిరి; వేలాది సైనికులను చేరువలో సిద్ధముగ నుంచిరి. రస్టినుకు పట్టిన చింత వేఱు. ఇంతమందికి నీళ్ళెక్కడ? మఱుగుదొడ్లెన్ని? ఆగస్టు ఎండకు పాచిపోవు తిండి తేవలదని వచ్చువారికి ముందుగా సూచనలంపెను. న్యూయార్కులో ఒక చర్చియందు స్వచ్ఛందసేవకులు 80,000 భోజనపు పొట్లములు కట్టిరి. ఆ నగరపు నల్లజాతి పోలీసులు ఆయుధములు ఇంట విడిచి, జనమును నొప్పింపక అదుపుచేయు విధము నేర్చుకొని వచ్చిరి.

అన్నిటికంటె ఆతడు పట్టుపట్టినది ధ్వనివర్ధకముల విషయమున. వేల డాలర్ల ఖర్చనగా తోడివారు గొణిగిరి. వినబడనిచోట జనమును క్రమములో నుంచుట అసాధ్యమని ఆతని వాదము. మా చెరువుకట్ట అనుభవముతో మేమీ మాటకు సాక్ష్యమీయగలము. ప్రదర్శనమునకు ముందురాత్రి ఎవరో ఆ యంత్రములను పాడుచేసిరి! ప్రభుత్వమునకు మొఱపెట్టగా, సైనిక సంకేతదళమువారు వచ్చి తెల్లవాఱులోపల బాగుచేసిరి.

ఇక పాట సంగతి. రాత్రియెల్ల ప్రయాణముచేసి ఉదయమునకే దిగినవారు వాషింగ్టను స్మారకస్తంభము కడ గంటల తరబడి నిరీక్షింపవలసి యుండెను. ఆ నిరీక్షణమును జోన్ బేజ్, ఒడెట్టా మొదలగువారి గానము మోసినది. అయినను జనము ఆగలేకపోయిరి. నాయకులు శాసనసభ్యులను చూడబోయియుండగా, లింకను స్మారకమందిరము వైపు తామే కదలిరి. నాయకులు వడివడిగ వచ్చి నడుమ చొఱబడి ఫొటోలు తీయించుకొనిరి. ఆ ఫొటోలలో వారే జనమును నడపుచున్నట్లుండును!

మందిరము కడ మహేలియా జాక్సను పాడుచుండగా జనము చప్పట్లతోను కేకలతోను బదులిచ్చిరి. బుర్రకథలో కథకుని మాటకు వంతలు తందాన పలికినట్లు, నల్లవారి చర్చిలో కూడ వినువాడు ఊరకుండడు. కొంతసేపటికి మార్టిన్ లూథర్ కింగు గారు ప్రసంగించుచుండగా, నీ కల సంగతి చెప్పుమని ఆమెయే వెనుకనుండి కేకవేసెనని దగ్గఱనున్నవారు చెప్పిరి. అటుపిమ్మట ఆయన వ్రాతప్రతిని విడిచి పలికినది లోకమెల్ల ఎఱుగును.

అయితే ఆ వేదికపై స్త్రీలకు పాట దక్కినంతగా మాట దక్కలేదు. ప్రధానోపన్యాసకులలో ఒక్క స్త్రీయు లేదు. డెయిజీ బేట్సు గారికి కొద్ది వాక్యములకు మించి అవకాశమీయలేదు. సమానత్వము కోరిన సభలో ఇది మాకు నేటికిని మింగుడుపడని సంగతి.

ఇంకొక వింత. ఎవరైన మైకు లాగుకొని జనమును రెచ్చగొట్టుదురేమోయని, మీట నొక్కి మైకు ఆపుటకు ప్రభుత్వోద్యోగి నొకనిని వేదిక చెంత నియమించిరి. ఆపిన పిదప నిశ్శబ్దము ప్రమాదకరము గనుక వేయుటకు ఒక రికార్డును గూడ ఉంచిరి. అది మహేలియా జాక్సను పాడిన భక్తిగీతము! ఆమె నిలిచి పాడెను; రికార్డు అవసరము పడలేదు. చివరకు రస్టిను కోర్కెలను ఒక్కొక్కటిగా చదువగా జనము ఒక్కొక్కదానికి ఔనని గర్జించిరి. వినబడినందుననే గదా బదులు పలికిరి. పౌరహక్కుల చట్టము 1964 జూలై 2న వచ్చినది. అంతకుముందు, ప్రదర్శనము ముగిసి మూడు వారములైన కాకమునుపే, బర్మింగ్‌హామ్ నగరపు చర్చిలో బాంబు ప్రేలి నలుగురు బాలికలు మరణించిరి.

మఱుసటి ఏడు మేము చెరువుకట్టమీద మరల సభ చేసితిమి. ఈసారి మైకువానితో ముందే మాటాడి, అదనముగా రెండు హారనులు వెనుక వేపచెట్టుకు కట్టించితిమి. చేయి విఱిగిన ముదుసలియు వచ్చి ఆ చెట్టుక్రిందనే కూర్చుండి పాటలు విన్నది. చెరువులో ఇప్పటికి సగము మిగిలియున్నది.