అరకు: ఊరును, సంతయు

విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున, తూర్పుకనుమల నడుమ నున్న యరకును గూర్చి నేడు ముచ్చటించెదను. ఇది పట్టణమా, పల్లెయా యని యడిగినచో నొక్కమాటలో బదులు చెప్పజాలను. రైలు స్టేషను, బసగృహములు, కాఫీ దుకాణములు గల వీథి పట్టణమువలె నుండును. ఆ వీథి దాటి కొంతదూరము నడచినచో చోడిచేలును, శీతకాలమున పసుపు పరచినట్లుండు వలిసెపూలును కాననగును. బయటివారెఱిగిన యరకు ఆ వీథియే. అసలు అరకు చుట్టునున్న గూడెములు.

ఆ గూడెములలో కొండదొరలు, భగతలు, వాల్మీకులు, కోటియాలు, గదబలు, పోర్జాలు, కోందులు నివసింతురు. వీరినందఱను కలిపి కొండవారని మనము తేలికగా ననుచుందుము. కాని గదబలలోనే యొక శాఖవారి భాష ముండా కుటుంబమునకును, వేఱొక శాఖవారిది ద్రావిడ కుటుంబమునకును చెందినది. గదబల గూడెము నడుమ రాళ్ళు పేర్చిన సభాస్థలముండును. గతించిన పెద్దల జ్ఞాపకార్థము నిలిపిన శిలలకడనే బ్రతికియున్నవారు కూర్చుండి తగవులు తీర్చుకొందురు. ఊరి చరిత్రను కాగితముపై గాక రాతిపై నిలుపుకొన్న జనమిది.

ఇన్ని భాషలవారు కలియుచోటు వారపుసంత. అక్కడ ఆదివాసీ ఒడియాయు, తెలుగును నందఱకును పనికివచ్చును. ఉప్పు, ఎండుచేప, బట్ట మైదానమునుండి కొండ యెక్కును. చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుళ్ళు కొండ దిగును. సంత కేవలము బేరమునకు గాదు. పెండ్లి మాటలును, చావు కబురులును అచ్చటనే చేరును.

అయితే యా సంతత్రోవనే అప్పును వచ్చినది. ఉప్పునకును, బట్టకును చేసిన చిన్న ఋణము వడ్డీతో పెరిగి పొలమును మ్రింగుట యేజెన్సీలో పాతకథ. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడు సేద్యమును కట్టడిచేసెను. ఆ బాధలు, వెట్టిచాకిరీ కలిసి, అరకునకు దక్షిణమున నున్న గూడెము, రంప ప్రాంతములలో 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగుబాటై మండెను. అంతకు పూర్వమే, 1917లో, ఏజెన్సీ భూములు కొండజాతులవారి చేతినుండి ఇతరులకు పోకుండ నొక చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1959 నాటి నిబంధనయు, 1970 నాటి దాని సవరణయు ఆ కట్టుబాటును మఱింత బిగించినవి.

అయినను పరీక్ష తప్పలేదు. అనంతగిరి మండలమున బొఱ్ఱా పరిసర గ్రామములలో ఖనిజముల త్రవ్వకమునకు కౌలు లిచ్చినప్పుడు సమత యను సంస్థ న్యాయస్థానమున కెక్కినది. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు భూమి కౌలుకిచ్చుటకు ప్రభుత్వమునకు సైతము అధికారము లేదని 1997లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. కొండమీది చిన్న పల్లెల వ్యాజ్యము దేశమంతటి గిరిజనులకు అండయైనది.

ఇక రైలు సంగతి. బైలదిలా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానునకు పంపుటకై 1960 తరువాతి దశకమున ఈ మార్గమును వేసిరి. ఇనుము కొఱకు త్రవ్విన సొరంగములగుండ మనుష్యులును రాసాగిరి. 2017లో అద్దపు పెట్టెయు వచ్చినది. వెండి ఓకు చెట్ల నీడలో, మిరియపుతీగెల ప్రక్కన గిరిజనులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇది శుభమే. కాని నా మనస్సున నొక ప్రశ్న మెదలుచున్నది. చట్టము భూమిని కాపాడగలదు. ఆ భూమిపై వచ్చు లాభము నెవరు కాపాడుదురు? పొలము గిరిజనుని పేరను, పెట్టుబడియు రాబడియు వేఱొకనివియు నగుచో, పాత యప్పే క్రొత్త వేషమున వచ్చినట్లు గాదా? ఒకప్పుడు ఊరంతయు కలిసి తమకొఱకు ఆడిన థింసా, అతిథి యడిగిన వేళకు ఆడు ఆటయైనచో, మిగిలినది అడుగులే గాని యూరు గాదు.

కావున అరకునకు పోవువారికి నా మనవి యొకటి. గుహలను చూడుడు, కాఫీ త్రాగుడు. దానితోబాటు ఆ కాఫీ యే గూడెమున పండినదో యడుగుడు. పేరు చెప్పగలవానికడనే కొనుడు. ఊరిని చూచి వచ్చుట వేఱు. ఊరు నిలుచునట్లు చూచి వచ్చుట వేఱు.