మన ఊరు, మన ఇల్లు, మన ఫోన్ నంబరు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అరకులోయలో జరిగిన సభలో ఒక గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



 నాకు ఇచ్చిన అంశం "పర్యాటకం, ఆన్‌లైన్ ప్రచారం". వార్డెన్‌కి దీంతో ఏం పని అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. నేను బి.ఇడి. చదివి కొన్నాళ్ళు సోషల్ పాఠాలు చెప్పి, ఇప్పుడు బియ్యం, పప్పు, గుడ్ల లెక్కలు రాసుకుంటున్న మనిషిని. అయితే నా దగ్గర హాజరు పట్టీ ఒకటి ఉంది. అదే నన్ను ఈ విషయంలోకి లాక్కొచ్చింది.

నవంబరు, డిసెంబరు, జనవరి. కొండల మీద మంచు దిగే నెలలు. ఆ మూడు నెలల్లో సోమవారం పొద్దున హాజరు తీస్తే ఏడెనిమిది మంది పిల్లలు ఉండరు. శనివారం ఇంటికి వెళ్ళినవాళ్ళు మంగళవారం వస్తారు. ఏమ్మా అంటే కడుపునొప్పి అంటారు, జ్వరం అంటారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం నిజం చెప్పింది. "మా ఇంట్లో టూరిస్టులు దిగారు మేడం. అమ్మ ఒక్కతే చేసుకోలేదు. వాళ్ళతో ఫోన్లో నేనే మాట్లాడాలి."

ఒక ఆదివారం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పెంకుటిల్లు, పక్కన కొత్తగా వేసిన రెండు గదులు, ముందు కాఫీ మొక్కలు, మిరియాల తీగలు. గదులు శుభ్రంగా ఉన్నాయి. ఎంత తీసుకుంటున్నావు వదినా అని అడిగాను. రోజుకి గదికి ఎనిమిది వందలు అంది. బయట అరుగు మీద కూర్చున్న కుర్రాణ్ణి, "బాబూ, నువ్వెంత కట్టావు?" అన్నాను. రెండు వేల అయిదు వందలు అన్నాడు. ఎవరికి కట్టావంటే ఫోన్ చూపించాడు. అందులో ఆ ఇల్లే ఉంది, ఆ కాఫీ మొక్కలే ఉన్నాయి. పేరు మాత్రం ఏదో ఇంగ్లీషు పేరు. నంబరు ఎవరిదో పట్నం మనిషిది. ఒకసారి వచ్చి, రెండు రాత్రులు ఉండి, బొంగులో చికెన్ తిని, ఫోటోలు తీసుకుని, "నేను మీకు గిరాకీ పంపిస్తానక్కా" అని వెళ్ళాడట. పంపించాడు. అబద్ధం ఆడలేదు. గదికి పదిహేడు వందలు తన దగ్గర ఉంచుకున్నాడు, అంతే.

ఆ తల్లికి ఆ సంగతే తెలీదు. తెలిశాక కూడా కోపం రాలేదు. "పోనీలెండి మేడం, మనకి ఎవరు పంపిస్తారు?" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. చెట్టు మనది, పండు మనది, సంతలో తూచేవాడు వేరే వాడు. చింతపండుకి, అడ్డాకుకి, పసుపుకి మన తాతలు పడ్డ బాధ ఇది. ఫోన్ వచ్చాక కూడా అదే తక్కెడ అయితే ఎలా?

అందుకని నేను నేర్చుకున్నాను. మా వాచ్‌మన్ గారి అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, వాడు నాకు గురువు. నేర్చుకున్నది మీకు చెబుతాను.

గూగుల్ మ్యాప్‌లో మన ఇంటిని మన పేరుతో పెట్టుకోవడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. దాన్ని బిజినెస్ ప్రొఫైల్ అంటారు. ఎవరైనా వచ్చి "మేం పెట్టిస్తాం, అయిదు వేలు ఇవ్వండి" అంటే, ఆ అయిదు వేలు వాళ్ళ కష్టానికి తప్ప గూగుల్‌కి కాదని తెలుసుకోండి. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఫోటోలు పెడితే, ఇది నిజంగా మీదేనా అని వాళ్ళు పరీక్ష చేస్తారు. చాలాసార్లు ఇల్లు, బోర్డు, దారి కనిపించేలా వీడియో తీసి పంపమంటారు. అందుకే ముందు ఒక బోర్డు రాయించుకోండి, రేకు ముక్క మీదైనా సరే. మన ఇంటిని వేరేవాడు ముందే పెట్టేసి ఉంటే, ఇది మాది అని అక్కడే అడిగే దారి ఉంది. ఆ వదిన ఇంటికి అలాగే అడిగాం. కొంత ఆలస్యమైంది గాని వచ్చింది.

మ్యాప్‌లో గుర్తు సరిగ్గా ఇంటి మీదే పెట్టాలి. మన దగ్గర ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నో. గుర్తు తప్పితే పాపం ఆ జనం చీకట్లో ఇంకో కొండెక్కుతారు. ఒక కుటుంబం అలాగే తిరిగి తిరిగి రాత్రి పదకొండింటికి మా హాస్టల్ గేటు కొట్టింది. ముసలావిడతో సహా అయిదుగురు. నేను టీ పెట్టి ఇచ్చి దారి చెప్పి పంపాను.

ఫోటోల సంగతి. మనవాళ్ళు మేఘాల ఫోటో పెడతారు. వంజంగి మేఘాలు, లంబసింగి మంచు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. వచ్చేవాడు వెతికేది మంచం ఎలా ఉంది, దుప్పటి ఎలా ఉంది, మరుగుదొడ్డి ఏ రకం, కారు ఎంతవరకు వస్తుంది అని. అవి పెట్టండి. మన దొడ్డి ఇండియన్ రకం అయితే అలాగే రాయండి. వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తాం అంటే అదీ రాయండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ వచ్చి ఇబ్బంది పడి, కొడుకు ఒక్క స్టార్ ఇచ్చి వెళ్ళాక బాధపడి లాభం లేదు. అలాంటి రివ్యూ వస్తే తిట్టుకుంటూ కూర్చోకుండా కింద మర్యాదగా రెండు ముక్కలు జవాబు రాయండి. తర్వాత చూసేవాళ్ళు ఆ జవాబు చదువుతారు. గది తగ్గింపు ఇస్తాను, అయిదు స్టార్లు ఇవ్వండి అని మాత్రం అడగకండి. అది గూగుల్ నియమాలకు విరుద్ధం, తెలిస్తే తీసేస్తారు.

వాట్సాప్ బిజినెస్ అని ఇంకోటి ఉంది, అదీ ఉచితమే. మన ఊళ్ళలో సిగ్నల్ గట్టు మీద చింతచెట్టు కింద తప్ప దొరకదు. ఫోన్ కలవకపోతే గిరాకీ ఇంకో ఇంటికి పోతుంది. ఇందులో "మా ఊళ్ళో సిగ్నల్ తక్కువ, సాయంత్రం ఆరు తర్వాత జవాబిస్తాం" అని ఒకసారి రాసిపెడితే, ఫోన్‌కి నెట్ ఉన్నప్పుడు అదే వెళ్ళిపోతుంది. ధర, భోజనం, దారి అన్నీ ఒకసారి రాసి పెట్టుకుంటే చదువురాని తల్లి కూడా ఒక నొక్కు నొక్కి పంపగలదు. మా తొమ్మిదో తరగతి పిల్ల వాళ్ళమ్మకి ఇది నేర్పింది. సోమవారం హాజరుకి వస్తోంది ఇప్పుడు.

పెద్ద పెద్ద బుకింగ్ యాప్‌లలో పెట్టాలా వద్దా అని అడుగుతారు. పెట్టండి, తప్పు లేదు. వాళ్ళు నూటికి పదిహేను, కొన్నిచోట్ల అంతకు మించి తీసుకుంటారు. అది చెప్పి తీసుకునే కమిషన్. ఆ పట్నం బాబు తీసుకున్నది చెప్పకుండా తీసుకున్నది. కొత్త గిరాకీ యాప్ నుంచి రానివ్వండి, రెండోసారి వచ్చేవాళ్ళకి మీ నంబరు ఇవ్వండి. పర్యాటక శాఖ దగ్గర హోమ్‌స్టేగా నమోదు చేయించుకోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, మర్చిపోవద్దు.

డబ్బు దగ్గర జాగ్రత్త. "నేను ఆర్మీ ఆఫీసర్‌ని, పది గదులు కావాలి, అడ్వాన్స్ పంపుతాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఫోన్ వస్తుంది. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోవడమే. ఈ ఒక్కమాట మా పిల్లల చేత మూడుసార్లు చెప్పించి మరీ ఇంటికి పంపుతున్నాను.

ఇప్పుడు కొంచెం చేదుమాట. రీల్స్ వచ్చాక గిరాకీ పెరిగింది, నిజమే. వలిసె పూలు పూసే రోజుల్లో పసుపుపచ్చని చేలల్లో నిలబడి ఫోటోలు దిగని వాడు లేడు. అది నూనె గింజల పంట అని, ఒక ఇంటి ఏడాది ఆదాయమని వాళ్ళకి ఎవరు చెప్పారు? మనమే చెప్పాలి. గట్టు మీద దారి వదిలి, మనిషికింత అని తీసుకుని, లోపల తొక్కొద్దని బోర్డు పెట్టిన రైతులున్నారు. వాళ్ళు చేసింది సబబే.

థింసా సంగతి ఇంకా కష్టం. మన అమ్మమ్మలు పెళ్ళికి, ఇటుకల పండక్కి చేయీ చేయీ పట్టుకుని ఆడిన ఆట అది. డబ్బులకి ఆడితే తప్పని నేననను. ఆడినవాళ్ళకి కూలి ముట్టాలి, ఎంతని ముందే తేల్చుకోవాలి. కానీ మొన్న చలికాలం మా హాస్టల్ పిల్ల ఒకతి నాకు ఫోన్ చూపించి ఏడ్చింది. చీర కట్టుకుని వాళ్ళత్తతో కలిసి ఆడుతుంటే ఎవరో దగ్గరగా వీడియో తీసి, పైన వెకిలి పాట పెట్టి వదిలారు. కింద వేలమంది నోటికొచ్చినట్టు రాశారు. పదమూడేళ్ళ పిల్ల. ఆ వీడియో మీద రిపోర్ట్ కొట్టించాం, తీసేశారు. కానీ ఆ పిల్ల ఈ ఏడాది స్కూలు వార్షికోత్సవంలో ఆడనంది. నేను బలవంతపెట్టలేదు. మీ ఇంటి పేజీలో పిల్లల ఫోటో పెట్టకండి, టూరిస్టుల్ని తీయనివ్వకండి. పెద్దవాళ్ళని అడిగి తీయమనండి. గది ధర పక్కనే ఈ మాట కూడా రాసి పెట్టండి. మర్యాదస్తులు ఏమీ అనుకోరు.

ఇంకొకటి, ఇది పెద్దలు కూర్చున్నారు కాబట్టి చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో మన ఊరి పేరు పైకొచ్చిన కొద్దీ, రోడ్డు పక్క స్థలం అడిగేవాళ్ళు వస్తారు. "అమ్మొద్దు, పదేళ్ళు లీజుకివ్వు చాలు, బోర్డు మీద నీ పేరే ఉంటుంది" అంటారు. 1/70 చట్టం కింద మన షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి అమ్మడమే కాదు, లీజు కూడా చెల్లదు. స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఇంట్లో చదువుకున్న పిల్లని అడగండి. పేరు నీదై, నంబరు వాడిదైతే ఏమవుతుందో ఇందాకే చెప్పాను.

సరే, భోజనాల వేళ అయింది, మైకు లాక్కునేలా ఉన్నారు. తిన్నాక హోమ్‌స్టేలు, టీ బడ్డీలు, కాఫీ పొడి ప్యాకెట్లు అమ్మేవాళ్ళు వెనక గదిలోకి రండి. మా వాచ్‌మన్ గారి అబ్బాయి, నేను అక్కడే ఉంటాం. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని రండి. మీ ఇంటి ఫోటోలు నాలుగు ఉంటే చాలు. ఓటీపీ వస్తే మీరే చూసి మీరే కొట్టండి, నాకు కూడా చెప్పొద్దు.