సిపాయి కొలువు – ఇంటి స్టేటస్
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్యానికి, నౌకాదళానికి, కేంద్ర బలగాలకు ఎంపికైన మన పిల్లలకు ఇప్పుడే శాలువాలు కప్పాం. సంతోషం. వాళ్లు ఉద్యోగంలో చేరకముందే సోషల్ మీడియా గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం మమ్మల్ని కోరింది. అయితే మేము పిల్లలకంటే వారి ఇంటివాళ్లకే ఎక్కువ చెప్పదలిచాం. పిల్లలకు శిక్షణ కేంద్రంలో చెప్పేవాళ్లుంటారు. ఇంట్లో అమ్మీకి, అబ్బాకు, ఖాలాకు ఎవరు చెబుతారు?

సొంత ఖాతా వేరు, ఉద్యోగ ఖాతా వేరుగా ఉంచుకోవాలని అందరూ అంటారు. డాక్టరుకో, వ్యాపారికో ఆ మాట సరిపోతుంది. ఒక పేజీలో క్లినిక్ వేళలు, ఇంకో పేజీలో పెళ్లి ఫొటోలు పెట్టుకుంటారు. సిపాయికి అలా కుదరదు. సైన్యం తరఫున మాట్లాడటానికి సైన్యానికే అధికారిక ఖాతాలున్నాయి. మామూలు జవానుకు ఉద్యోగ ఖాతా అంటూ ఒకటి ఉండదు. కనుక అతనికి వేరుచేయడమంటే రెండు ఖాతాలు తెరవడం కాదు, ఉన్న ఒక్క సొంత ఖాతాలోకి ఉద్యోగాన్ని రానివ్వకపోవడం.

ఇది కొత్తగా వచ్చిన కట్టుబాటేమీ కాదు. సాయుధ బలగాలవారి ప్రాథమిక హక్కులకు పరిమితులు పెట్టే అధికారాన్ని రాజ్యాంగం 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. పత్రికలకు రాయడం మీద, రాజకీయ కార్యక్రమాల్లో పాల్గొనడం మీద ఆంక్షలు 1954 నాటి సైనిక నియమాల్లోనే ఉన్నాయి. అప్పటికి ఫేస్‌బుక్ ఎక్కడుంది?

మన రాష్ట్రం పేరుతో ముడిపడిన సంగతి ఒకటి చెబుతాం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేసింది. విశాఖ రేవు పక్కన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ పేరే దానికి పెట్టారు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయం పెంచుకున్నవాళ్లకు ఓడల కదలికలు చెప్పారన్నది వారిపై ఆరోపణ. ఆ నెలలోనే నౌకా స్థావరాల్లో, యుద్ధనౌకల మీద స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నౌకాదళం నిషేధించింది. 2020 జులైలో సైన్యం 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమంది. వాటిలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉన్నాయి. ఒక అధికారి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆగస్టులో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. ఇలాంటి ఉత్తర్వులు మారుతూ ఉంటాయి. చేరిన రోజున యూనిట్‌లో ఏది చెబితే అదే లెక్క. పక్కింటి మాజీ సైనికుడు చెప్పింది కాదు.

రహస్యమంటే దస్తావేజులేననుకుంటాం. 2017 నవంబరులో స్ట్రావా అనే యాప్ తన వాడకందారులు పరుగెత్తిన దారులన్నీ కలిపి ప్రపంచ పటం ఒకటి విడుదల చేసింది. మరుసటి జనవరిలో ఆ పటాన్ని పరిశీలించినవాళ్లకు అఫ్గానిస్తాన్, సిరియాల్లో చీకటి ఎడారి మధ్య వెలుగు గీతలు కనిపించాయి. అవి సైనిక స్థావరాల్లో జవాన్లు రోజూ పరుగెత్తిన దారులు. వాళ్లెవరూ ఏమీ రాయలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున్నే వ్యాయామం చేశారంతే.

ఇక మన ఇళ్లకు వద్దాం. కొడుకు యూనిఫాంలో ఫొటో పంపుతాడు. అమ్మీ దాన్ని స్టేటస్‌లో పెడుతుంది. ఛాతీ మీద పేరు, భుజం మీద గుర్తు, వెనక గేటు మీద బోర్డు అన్నీ అందులో ఉంటాయి. చెల్లెలు దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అన్న పేరు ట్యాగ్ చేస్తుంది. ఫుప్పూ కింద రాస్తుంది: ‘బేటా, సెలవు దొరికిందా? ఏ రైలుకు వస్తున్నావు?’ బేటా కూడా జవాబిస్తాడు. ఇందులో ఎవరిదీ దురుద్దేశం కాదు, అంతా ప్రేమే. ఆ ప్రేమలోంచే తేదీ, ఊరు, యూనిట్ బయటికి పోతాయి. ఆ అబ్బాయి తన ఖాతా మూసేసుకున్నా లాభం లేదు, చెల్లెలి ఖాతా తెరిచే ఉంది.

మా అభిప్రాయంలో వీటన్నిటికంటే ప్రమాదం పెళ్లి సంబంధాల బయోడేటా. నవ్వకండి. యూనిఫాం ఫొటో, హోదా, యూనిట్, ఇప్పుడున్న చోటు, ఇద్దరు మామూల ఫోన్ నంబర్లు అన్నీ ఒకే కాగితం మీద పెట్టి, పది గ్రూపుల్లో తిప్పుతాం. వేగులవాడు నెలలు కష్టపడి సంపాదించాల్సినదాన్ని మనమే టైపు చేయించి ఇస్తున్నాం. ‘కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం’ అని రాస్తే చాలదా? సంబంధం కుదిరే ఇంటివాళ్లు మిగతావి ఎదురుగా కూర్చుని అడుగుతారు.

ఇంకొకటి ఫార్వర్డులు. ఎన్నికలప్పుడో, మనసు కాలిన వార్త వచ్చినప్పుడో ఫ్యామిలీ గ్రూపులో వేడి మాటలు వస్తాయి. ఇంట్లో మిగతావారికి అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ ఉంది, చెప్పుకోవచ్చు. కానీ ఆ గ్రూపులో సిపాయి కూడా ఉన్నాడు. అతను ఒక్క బొటనవేలి గుర్తు పెట్టినా దాని స్క్రీన్‌షాట్ ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. ‘ఏమిటిరా, నోరు విప్పవు?’ అని నిలదీయకండి. అతను మౌనంగా ఉంటే మనవాడు కాకుండా పోడు. ఇంటి క్షేమసమాచారాలకు నలుగురితో చిన్న గ్రూపు ఒకటి వేరుగా పెట్టుకోండి. రాజకీయం పెద్ద గ్రూపులో నడవనివ్వండి, అందులో అతన్ని ఉంచకండి.

పిల్లలకు ఒకే మాట. ముఖం తెలియని పరిచయం మొదట ఊరి సంగతులు, తర్వాత డ్యూటీ సంగతులు అడుగుతుంది. డ్యూటీ మాట వచ్చిందంటే జవాబివ్వకుండా పై అధికారికి చెప్పండి. సిగ్గుపడి దాచుకున్నకొద్దీ వాళ్ల పట్టు బిగుస్తుంది. ఇంట్లో పెద్దలు కూడా ఆ సమయంలో తిట్టకుండా ఉంటే పిల్లవాడు ముందే చెబుతాడు.

భోజనాల తర్వాత పుస్తకాల బల్ల దగ్గర మేము కూర్చుంటాం. మీ ఫోన్లు తీసుకురండి. ఫొటోల్లో లొకేషన్ నమోదు ఎలా ఆపాలో, పాత పోస్టులు ఎలా తీసేయాలో, స్టేటస్ ఎవరికి కనిపించాలో ఎలా ఎంచుకోవాలో ఒక్కొక్కరికీ చూపిస్తాం. అమ్మీలు ముందు రండి, కుర్రాళ్లు తర్వాత.