వంటింటి కాలం: షాంతాల్ ఆకెర్మాన్ చలనచిత్రాలు

షాంతాల్ ఆకెర్మాన్ 1950 జూన్ 6న బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో, పోలండ్ నుంచి వచ్చిన యూదు కుటుంబంలో పుట్టారు. తల్లి నటాలియా ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. ఆమె కన్నవాళ్లు మాత్రం అక్కడే చనిపోయారు. ఆ రోజుల గురించి ఇంట్లో ఆమె నోరు విప్పేవారు కాదు. తల్లి మౌనం ఆకెర్మాన్ 47 ఏళ్ల సినిమా జీవితం పొడవునా వినిపిస్తుంది.

15 ఏళ్ల వయసులో గొదార్ తీసిన ‘పియెరో ల ఫూ’ చూసి ఆమె సినిమాలు తీయాలని నిశ్చయించుకున్నారు. ఫిల్మ్ స్కూల్లో చేరినా మొదటి ఏడాదిలోనే వదిలేశారు. 1968లో తీసిన తొలి సినిమా ‘సోత్ మా వీల్’ నిడివి 13 నిమిషాలు. అందులో నటించింది కూడా ఆమే. ఒక అమ్మాయి కూనిరాగం తీస్తూ ఇంటికొస్తుంది, వంట చేస్తుంది, తలుపు సందులకు టేపు అంటిస్తుంది, బూట్లకు పాలిష్ పెడుతూ కాళ్లకూ పూసేసుకుంటుంది. చివరికి గ్యాస్ తెరుస్తుంది. తెర నల్లబడుతుంది, పేలుడు వినిపిస్తుంది. ఆడవాళ్ల చోటని అందరూ అనుకునే వంటింటిని ఆమె మొదటి అడుగులోనే పేల్చేశారు.

1971లో న్యూయార్క్ వెళ్లాక మైకేల్ స్నో, జోనాస్ మేకస్ వంటి ప్రయోగవాదుల సినిమాలు చూశారు. కథ లేకున్నా, కాలం గడవడమే ప్రేక్షకుణ్ణి ఉత్కంఠలో నిలబెట్టగలదని ఆ సినిమాలు ఆమెకు చూపించాయి. ఛాయాగ్రాహకురాలు బాబెత్ మాంగోల్త్ పరిచయమైందీ అక్కడే. 1972లో వాళ్లు తీసిన ‘హోటల్ మాంటెరే’లో మాటా సంగీతమూ లేవు. చవక హోటల్ లాబీ, లిఫ్టు, నడవాలు దాటుకుంటూ కెమెరా చివరకు మేడ మీదికి చేరుతుంది. 1974 నాటి ‘జ తు ఇల్ ఎల్’లో కథానాయిక ఖాళీ గదిలో ఉత్తరాలు రాస్తూ చెంచాతో పంచదార తింటుంది. ఆ తరువాత లారీ డ్రైవర్‌తో ప్రయాణం, ఆపై ప్రియురాలి ఇల్లు. ఇద్దరు స్త్రీల ప్రణయాన్ని అంత తిన్నగా, దాపరికం లేకుండా చూపడం అప్పటికి అరుదు.

1975లో వచ్చిన ‘జాన్ దీల్మాన్, 23, కే ద్యు కొమెర్స్, 1080 బ్రుక్సెల్’ పేరే ఒక చిరునామా. నిడివి 201 నిమిషాలు, కథాకాలం మూడు రోజులు. భర్త పోయిన జాన్ కొడుకుతో ఉంటుంది. బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టి, మధ్యాహ్నం వచ్చే విటుణ్ణి పడకగదిలోకి తీసుకెళుతుంది. అతను ఇచ్చిన డబ్బు భోజనాల బల్ల మీది సూపు గిన్నెలో దాస్తుంది. స్నానం చేసి, తొట్టి తోమి, మళ్లీ వంటలో పడుతుంది. గదిలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ దీపం ఆర్పుతుంది. మామూలు సినిమా అయితే ఒక్క కోతతో దాటేసే పనులివి. ఇక్కడ గిన్నెలు తోమడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూడాలి. కెమెరా పొట్టి మనిషైన దర్శకురాలి కంటి ఎత్తులో కదలకుండా నిలబడుతుంది. క్లోజప్ లేదు, సంగీతం లేదు, ఎవరి మీదా జాలి పుట్టించే ప్రయత్నం లేదు.

రెండో రోజు దుంపలు మరీ ఎక్కువగా ఉడికిపోతాయి. చేతిలో గిన్నెతో ఎటు వెళ్లాలో తోచక జాన్ తిరుగుతుంటే, అప్పటిదాకా ఆమె దినచర్యకు అలవాటుపడ్డ ప్రేక్షకుడికి గుండె దడ మొదలవుతుంది. మూడో రోజు కాఫీ రుచి కుదరదు, కోటుకు సరిపోయే గుండీ దొరకదు. కత్తెరతో విటుణ్ణి చంపడం ఇన్ని చిన్న తప్పుల వరసలోనే వస్తుంది. ఆ తరువాత ఆమె చీకట్లో బల్ల దగ్గర నిమిషాల తరబడి ఊరికే కూర్చుంటుంది. మరీ ఉడికిపోయిన దుంపలకూ హత్యకూ తెర మీద ఒకే బరువు ఇవ్వడమే ఈ సినిమా గొప్పతనం. ముద్దుకూ కారు ప్రమాదానికీ ఉండే విలువ గిన్నెలు తోమడానికి సినిమాలో ఉండదని ఆకెర్మాన్ గమనించారు. ఆ పనులకు విలువనిచ్చారు కాబట్టే ఇది స్త్రీవాద చిత్రమని ఆమె చెప్పేవారు. అందాల తారగా పేరున్న దెల్ఫీన్ సెరిగ్‌ను జాన్ పాత్రకు తీసుకోవడంలోనూ ఆలోచన ఉంది. పొయ్యి దగ్గర అలవాటుగా కనిపించే మనిషిని ఎవరూ పట్టించుకోరు, సెరిగ్‌ను మాత్రం చూడక తప్పదు. చిత్రబృందంలో అత్యధికులు స్త్రీలే. కాన్ చిత్రోత్సవంలో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో ప్రదర్శించేనాటికి దర్శకురాలికి ఇంకా 25 నిండలేదు. ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచి పదేళ్లకోసారి జరిపే విమర్శకుల ఎన్నికలో 2022లో ఈ సినిమా ప్రథమ స్థానంలో నిలిచింది. ఒక మహిళ తీసిన సినిమాకు ఆ స్థానం దక్కడం అదే మొదలు.

‘న్యూస్ ఫ్రమ్ హోమ్’ (1976)లో న్యూయార్క్ వీధుల మీద తల్లి ఉత్తరాలు వినిపిస్తాయి. చదివేది కూతురే. ఎప్పుడొస్తావు, ఉత్తరం ఎందుకు రాయలేదు అనే మాటలు కార్ల, రైళ్ల రొదలో మునిగిపోతుంటాయి. దూరమైన బిడ్డకు అమ్మ మాట ఎలా అందుతుందో ఇంతకంటే నిజంగా చెప్పడం కష్టం. 1986 నాటి ‘గోల్డెన్ ఎయిటీస్’ పాటల సినిమా. ఎవరూ ఊహించని మలుపే అయినా, బట్టల కొట్టు నడిపే జాన్ పాత్రలో మళ్లీ సెరిగే కనిపిస్తారు, ఆ పాత్ర కూడా నిర్బంధ శిబిరం నుంచి బయటపడిన స్త్రీయే.

సోవియట్ యూనియన్ కూలిన కొత్తలో తూర్పు జర్మనీ ప్రాంతం నుంచి మాస్కో దాకా ప్రయాణిస్తూ తీసిన ‘దెస్ట్’ (1993)లో వ్యాఖ్యానం లేదు. మంచులో, స్టేషన్లలో ఎదురుచూసే జనం ముఖాల ముందు కెమెరా మెల్లగా సాగిపోతుంది. తల్లి మాట్లాడని చరిత్ర నీడ ఆ వరసల మీద పడుతుంది. 1995లో ఈ చిత్రాన్ని మ్యూజియం గదుల్లో అనేక టీవీ తెరల మీద అమర్చడంతో ఆమె గ్యాలరీ కళలోకీ అడుగుపెట్టారు. ‘స్యుద్’ (1999) టెక్సస్‌లో ఒక నల్లజాతి వ్యక్తిని ట్రక్కుకు కట్టి ఈడ్చి చంపిన ఘటన గురించినది. చివరి షాట్‌లో కెమెరా వాహనం వెనక నుంచి ఆ దారినే చూస్తూ పోతుంది.

చివరి సినిమా ‘నో హోమ్ మూవీ’ (2015) బ్రస్సెల్స్‌లోని తల్లి ఫ్లాట్‌లో, ఎక్కువగా వంటింటి బల్ల దగ్గర నడుస్తుంది. కూతురు దూరంగా ఉన్న రోజుల్లో మాటలు స్కైప్‌లో. తల్లి గొంతు క్రమంగా బలహీనపడుతుంది. 2014లో ఆమె కన్నుమూశారు. సినిమా 2015 ఆగస్టులో లొకార్నో చిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అక్టోబర్ 5న పారిస్‌లో ఆకెర్మాన్ మరణించారు. సినిమా చివర్లో ఆమె బూటు లేసులు కట్టుకుని కిటికీ తెర లాగుతారు. ఆపై కనిపించేది మనుషుల్లేని ఫ్లాట్.