భిలాయి ఎండకు రెజిన్ కప్పు

1959లో ఉక్కు కర్మాగారం తన తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలుపెట్టిన ఊరు మన భిలాయి. ఇక్కడ మేడ మీద షెడ్డు అంటే ఇనుప రేకే గుర్తొస్తుంది. ఇప్పుడు పెంకుల అచ్చులో కృత్రిమ రెజిన్ రేకులూ దొరుకుతున్నాయి.

నిజానికి ఉక్కుకీ రెజిన్‌కీ చుట్టరికం పాతదే. 1907లో రసాయన శాస్త్రవేత్త బేక్‌లాండ్ చేసిన బేకలైట్ అనే కృత్రిమ రెజిన్‌కు కావలసిన ఫినాల్, ఉక్కు కర్మాగారాల కోక్ బట్టీల తారులోంచీ వస్తుంది.

ఈ రేకు అడుగుభాగం పీవీసీ, పైన ఏఎస్ఏ అనే పలుచని పొర. పీవీసీ ఒక్కటే ఎండకు ఆగదు. రంగు పోయి పెళుసెక్కుతుంది. ఎండను కాచుకునేది ఆ పై పొరే. అది ఎంత మందమో కొట్టువాడిచేత రాయించుకోండి. నన్నడిగితే, రంగుకన్నా ముందు చూడాల్సింది అదే.

తుప్పు పట్టదు, వానచప్పుడు తక్కువ. చిక్కల్లా వేడితోనే. 40 డిగ్రీల తేడాకు ఆరు మీటర్ల ఉక్కురేకు మూడు మిల్లీమీటర్లు సాగితే, ఇది సుమారు 15 సాగుతుంది. అందుకే స్క్రూ రంధ్రం కాస్త పెద్దదిగా వేసి, పైన వెడల్పాటి వాషర్ పెట్టాలి. బిగించేస్తే రేకు ఉబ్బుతుంది, పగులుతుంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. 45 డిగ్రీల మే నెలలో ముదురు రంగు రేకు ఇంకా బాగా కాలుతుంది కాబట్టి లేత రంగే మేలు, రేకును మోసే కింది పైపులు దగ్గర దగ్గరగా ఉండాలి.

బొగ్గు కుంపటి మాత్రం ఈ రేకు కింద వద్దు. పీవీసీ తొందరగా అంటుకోదు గానీ, కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. గొంతునూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది.