వాన బస్తరులో, వరద గోదావరిలో



తుపాను తీరవాసుల బాధయే గాని అడవిసీమకు సంబంధించినది కాదని పలువురి తలంపు. బస్తరు ప్రాంతమందలి ఉసూరు కడలికి దూరమైన ఊరు. అయినను బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము తీరము దాటి బలము తగ్గిన పిమ్మట, దాని వాన ఈ కొండలపై కురియుట కలదు. ఉసూరు బ్లాకులోని బాసగూడ ప్రక్కగా పారు తాలిపేరు ఆ నీటిని చర్ల మీదుగా గోదావరికి చేర్చును. ఎగువనే ఇంద్రావతియు గోదావరిలో కలిసియుండును. కావున బస్తరులో కురిసిన వాన, భద్రాచలపు దిగువ పల్లెలలోని గృహస్థుని ముందు ఒక కఠినమైన ప్రశ్న నిలుపును: ఇల్లు విడుచుటయా, నిలుచుటయా?

భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 48 అయినచో రెండవది, 53 అయినచో మూడవది వెలువడును. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు ఎక్కెను. గోదావరి పొంగి వాగులలోనికి ఎదురుతన్నినపుడు ఇంటికంటె ముందుగా బాట మునుగును. మూడవ హెచ్చరిక వినిన పిమ్మట ఆలోచింప మొదలిడువానికి దారియే మిగులకపోవచ్చును.

అయినను నిలుచువాడు మూఢుడు కాడు. కొట్టములో గొడ్లున్నవి, గాదెలో గింజలున్నవి, మంచముపై ముసలితల్లి యున్నది. "పోయిన వరదకు మా గడప తడవలేదు" అని అతడు చెప్పును. అది నిజమే కావచ్చును. కాని పోయిన వరద రాబోవు వరదకు హామీపత్రము వ్రాసి యీయలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది అసువులు బాసిరి. 1990 మే తుపానునాడు లక్షన్నరమందిని ముందుగనే తరలించిరి; మృతులు వేయిలోపు. రెండు తుపానులును సర్వవిధముల సమానములని చెప్పరాదు. అయినను ముందుగా కదలుట ఎన్ని ప్రాణములను నిలుపగలదో ఈ అంకెలు తెలుపకపోవు.

నిర్ణయము వానలో చేయదగినది కాదు, ఎండలో చేయదగినది. ఏ అడుగునకు కదలవలెను, తల్లిని ఎవరు మోయవలెను, గొడ్లను ఏ మెరకకు తోలవలెను అనునవి వేసవిలోనే ఇంటిల్లిపాదియు కూర్చుండి తేల్చుకొనవలెను. ఇక ప్రభుత్వోద్యోగుల ధర్మము కేవలము "కదలుడు" అని చాటింపు వేయించుటతో తీరదు. పశువులకు చోటును, మేతను, విడిచిన ఇంటికి కాపలాను చూపినపుడే ఆ మాటకు విలువ కలుగును. గొడ్డుకు నీడ చూపిన అధికారి మాటను రైతు నమ్మును. నమ్మినవాడు సకాలమున కదలును.